మంట ఎంత చిన్నదవుతుంది?

మన గంజాం జిల్లా తెలుగిళ్ళలో చాలా చోట్ల వంటకు రెండు తావులుంటాయి. ఒకటి లోపల, దేవుడి గూటికి దగ్గరగా. రెండోది పెరట్లో, నూతిగట్టుకూ తులసికోటకూ నడుమ. రోజూ వండే అన్నం, పప్పు లోపలి పొయ్యి మీద. వడియాల పిండి, అరిసెల పాకం, చుట్టాలొస్తే కాచే గుండిగెడు నీళ్ళు, చేపల పులుసు పెరటి పొయ్యి మీద. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాలోకి వచ్చింది గాని, మా పాత్రపూర్ పెరళ్ళలో ఈ ఏర్పాటు మారలేదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చెబితే తెలిసింది, అక్కడా పెరటి వంట ఉందట. మాంసం కాల్చే పెద్ద పొయ్యి పక్కన చిన్న గ్యాస్ పొయ్యి అమర్చి దాన్ని ‘సైడ్ బర్నర్’ అంటారట. పోపు ఘాటు ఇల్లంతా పట్టకుండా, పొగ గంట మోగకుండా, వాడు చేపల పులుసు దాని మీదే పెడతాడట. పేరు కొత్తది గాని పని మన పెరటి పొయ్యిదే.

మా ఇంట్లో ఈ ప్రస్తావన అమ్మ దగ్గు వల్ల వచ్చింది. ఆవిడకు ఎనభై దాటాయి. ఇన్నేళ్ళూ సరుగుడు కట్టెల ముందు కూర్చుని గొట్టంతో ఊదిన మనిషి. కట్టెల పొగకు దూరంగా ఉండి తీరాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్ళలో పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 32 లక్షల మంది చనిపోయారు. ఆ సంగతి అమ్మకు చెబితే ఆవిడ అన్నది ఒక్కటే మాట: “పొయ్యి తీసేస్తే నాకింక పెరట్లో పనేముందిరా? గదిలో మంచం మీద కూర్చోమంటావా?”

అందుకని మేము వెతకవలసింది ఉత్త పొయ్యి కాదు. అమ్మ ఊపిరి నిలవాలి, అమ్మ పని కూడా నిలవాలి.

మా అబ్బాయి కరెంటు పొయ్యి, అంటే ఇండక్షన్, కొందామన్నాడు. పొగా లేదు, మంటా లేదు. కాని మా గుండిగలు ఇత్తడివి, అన్నపు గిన్నెలు అల్యూమినియంవి. అయస్కాంతం అంటని గిన్నెను మామూలు ఇండక్షన్ పొయ్యి వేడి చెయ్యదు. పైగా మనది తుపానుల నేల. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఫైలిన్ తర్వాత రోజుల తరబడి మాకు కరెంటు లేదు, కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇరుగుపొరుగు పసిపిల్లలకు పాలు మా ఇంటి గ్యాసు మీదే కాచారు. కాబట్టి పెరట్లోకీ గ్యాసే అనుకున్నాం.

బరంపురం బడాబజార్ లో కొందామని నేనొక్కణ్ణే బయల్దేరుతుంటే మా ఆవిడ ఆపింది. “ఏవండీ, వండేది మీరా, అత్తయ్యా?” అంది. సరే, ముగ్గురం వెళ్ళాం.

దుకాణదారు “రండి ఆజ్ఞా” అని ఒడియా మర్యాదతో పిలిచి, తెలుగులో బేరం మొదలుపెట్టాడు. ముందుగా హోటళ్ళలో వాడే పెద్ద బీడు బర్నరు చూపించాడు. హోరుమంటూ మూరెడు మంట. దానికి ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరు కావాలి. మన ఇళ్ళ రెగ్యులేటరు గ్యాసును చదరపు సెంటీమీటరుకు సుమారు 30 గ్రాముల ఒత్తిడికి తగ్గించి పంపుతుంది. ఇంటి సిలిండరుకు హోటలు రెగ్యులేటరు బిగించడం నిబంధనలకు విరుద్ధం, ప్రాణానికి ప్రమాదం. వినడానికి సులువుగా ఉన్నా ఆ పని ఎవరూ చెయ్యకండి.

అమ్మ ఆ మంట వైపు కాసేపు చూసి అడిగింది: “బాబూ, ఇది ఎంత చిన్నదవుతుంది?”

అతను మీట తిప్పాడు. మంట తగ్గుతూ తగ్గుతూ టప్పున ఆరిపోయింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. అరిసెల పాకం తెలిసినవారికి ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ఆ అదను దాటితే అరిసెలు రాళ్ళవుతాయి. కట్టెల పొయ్యిలో అయితే కట్టె వెనక్కి లాగి, నిప్పుల సెగ మీద పాకం నిలబెడతారు. గ్యాసు పొయ్యికీ ఆ సెగ తెలియాలి. అంతా మంట ఎంత పెద్దదో చూసి కొంటారు. పెద్ద మంట కావలసింది నీళ్ళు కాచడానికే, వంట కుదిరేది చిన్న మంట దగ్గర.

చివరికి రెండు వలయాల బర్నరు తీసుకున్నాం. లోపలి వలయానికి ఒక మీట, బయటి వలయానికి ఒక మీట. ఇంటి రెగ్యులేటరు ఒత్తిడితోనే పనిచేసేది. గుండిగ పెడితే రెండూ, పాకానికి లోపలిది ఒక్కటే.

లెక్క చూడటం నా వృత్తి గనుక అదీ వేశాను. 20 లీటర్ల నీళ్ళు 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాయాలంటే 1,400 కిలో కేలరీలు కావాలి. కిలో గ్యాసులో సుమారు 11,000 ఉంటాయి. వేడిలో నూటికి 60 వంతులు గిన్నెకు చేరితే 210 గ్రాములు చాలు. గాలి కొట్టి ఆ 60 కాస్తా 40 అయితే 320 గ్రాములు. అంటే పెరటి గాలి ప్రతి గుండిగకూ నూరు గ్రాములు తినేస్తుంది. అందుకే బర్నరుకు మూడు వైపులా ఇటుకలు పేర్చాం, అడుగున గాలి ఆడేలా సందులు వదిలి. సిలిండరు మాత్రం ఆ గోడకు బయట.

ఎత్తు దగ్గర చిక్కొచ్చింది. పొయ్యి సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలంటారు. అమ్మ నిలబడలేదు. 5 కిలోల సిలిండరు పొట్టిది గనుక దాన్ని తెచ్చి, దానికన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా గట్టు కట్టించాం. ఎదురుగా ఎత్తు పీట. గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేలబారున పల్లానికి పోతుంది. అందువల్ల నూతి తూముకు దూరంగా కట్టాం. రబ్బరు గొట్టం ఐదేళ్ళకోసారి మార్చాలి. ఆ తేదీ గట్టు పక్క గోడ మీద రాశాను.

మొన్న సంక్రాంతికి ఆ పీట మీద కూర్చుని అమ్మ పాకం పట్టింది. మా ఆవిడ పిండి పోసింది, కోడలు తెడ్డుతో కలిపింది. మధ్యాహ్నం దాకా పెరట్లో ఉన్నా అమ్మ దగ్గలేదు. “కట్టెల వాసన లేదు గాని, పాకం కుదిరింది” అంది.

మీరూ పెరటికి పొయ్యి కొనదలిస్తే గిన్నెను తలుచుకోండి, గాలిని తలుచుకోండి. అన్నిటికన్నా ముందు, దాని దగ్గర కూర్చోబోయే మనిషిని దుకాణానికి వెంట తీసుకెళ్ళండి. అడగవలసిన ప్రశ్న ఆవిడకే తెలుసు.