తిరుత్తంగల్‌లో ఒక పూట

శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళే తెలుగువాళ్ళకు ఆండాళ్ అమ్మవారి మీద ఎంత ప్రేమో, పక్కనే ఉన్న తిరుత్తంగల్ మీద అంత అశ్రద్ధ. బస్సు కిటికీలోంచి గుట్ట మీద గోపురం చూసి, ఒక దండం పెట్టి సాగిపోతారు. నేనూ మొదటిసారి అంతే. రెండోసారి దిగాను.

చేతిలో డబ్బు తక్కువ, సెలవు రెండు రోజులు అనుకునేవాళ్ళకు ఇది కలిసొచ్చే ప్రయాణం. చెన్నై ఎగ్మూరులో రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి శివకాశిలో దింపుతుంది. ఒక రాత్రి గది అద్దె అక్కడే మిగిలిపోతుంది. టపాకాయలకూ, క్యాలెండర్లకూ బేరాలాడటానికి వచ్చేవాళ్ళ పుణ్యమా అని శివకాశిలో మామూలు లాడ్జీలకు కొదవ లేదు. దీపావళి ముందు నెల మాత్రం వద్దు. అక్కణ్ణుంచి తిరుత్తంగల్ నాలుగైదు కిలోమీటర్లే, టౌను బస్సులో ఒక కునుకు కూడా పట్టదు. 2021లో ఈ ఊరిని శివకాశి కార్పొరేషన్‌లో కలిపేశారు. విరుదునగర్-తెన్కాశి లైనులో దీనికి సొంత రైల్వే స్టేషనూ ఉంది, మదురై వైపు నుంచి ప్యాసింజరులో వచ్చేవాళ్ళు అక్కడే దిగవచ్చు.

ఊరంతా ఒక బండగుట్టను ఆనుకుని ఉంది. గుట్ట మీద నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల. ‘నిన్ఱ’ అంటే నిలబడిన. 108 దివ్యదేశాలలో ఇదొకటి, పూదత్తాళ్వారూ తిరుమంగై ఆళ్వారూ పాడిన స్వామి. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే మెట్ల రాయి అరికాళ్ళను కాల్చేస్తుంది. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు కూడా.

ఊరి పేరు వెనక కథ నాకు భలే నచ్చింది. శ్రీదేవి, భూదేవి, నీళాదేవి తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నారట. శ్రీదేవి వైకుంఠం వదిలి ఇక్కడికొచ్చి తపస్సు చేసింది. స్వామి దిగివచ్చి ఆమే గొప్పదని ఒప్పుకున్నాడు. ‘తిరు’ అంటే లక్ష్మి, ఆమె తంగిన చోటు, అంటే బస చేసిన చోటు, తిరుత్తంగల్. గుట్ట పుట్టుకకూ ఇలాంటి తగాదానే కారణం: మర్రిచెట్టూ ఆదిశేషుడూ ఎవరు గొప్పో తేల్చమంటే తీర్పు శేషుడి వైపు వెళ్ళిందనీ, ఓడిన మర్రి తపస్సు చేసి ఈ కొండై స్వామిని మోస్తోందనీ చెబుతారు. ఇన్ని పోటీల గుట్ట మీదే కరునెల్లినాథర్ పేరుతో శివుడి గుడి కూడా ఉంది. ఆ ఇద్దరి మధ్య మాత్రం ఏ తగాదా కథా నా చెవిన పడలేదు.

సెంగమల తాయారు సన్నిధిలో నేను చాలాసేపు ఉండిపోయాను. అమ్మవారు మామూలుగా పద్మాసనంలో కూర్చుని కనిపిస్తారు కదా, ఇక్కడ నిటారుగా నిలబడి ఉన్నారు. వాదం గెలిచిన మనిషి ఇంకా కూర్చోలేదేమో అనిపించింది. గరుత్మంతుణ్ణీ చూడకుండా రావద్దు. నాలుగు చేతులు, రెండు మొక్కుతుంటే, మిగతా రెండింటిలో అమృతకలశమూ పామూ. ఎదురుగా కూర్చున్న ఒక ముసలామె నా మాట విని, ‘యా ఊరు నాయినా మీది?’ అంది. తెలుగే! ‘మాదీ తెలుగే, మాట్లాడతాం గానీ చదవను రాదు’ అంది. ఈ నల్లరేగడి సీమలో, తమిళంలో కరిసల్ అంటారు, ఇలా పలకరించేవాళ్ళు చాలామందే తగులుతారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగువాళ్ళు ఈ నేలకు వలస వచ్చి కుదురుకున్న కథను ఆయన తమిళంలో రాశాడు. ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మధ్యాహ్నం శ్రీవిల్లిపుత్తూరు బస్సెక్కవచ్చు, ఇరవై కిలోమీటర్ల చిల్లర. కృష్ణదేవరాయలి ‘ఆముక్తమాల్యద’ నడిచేది ఈ ఊళ్ళోనే. విష్ణుచిత్తుడు అతిథులకు వడ్డించిన విందులు గుర్తున్నవాళ్ళకు అక్కడికి చేరేసరికే ఆకలేస్తుంది. ఆడిమాసంలో ఆండాళ్ జన్మనక్షత్రం పూరం పండుగకు వెళ్తే ఐదు గరుడసేవలు ఒక్కచోట చూడవచ్చు. ఆ ఐదుగురిలో మన తిరుత్తంగల్ అప్పన్ ఒకడు, పొరుగూరి నుంచి పెళ్ళివారిలా తరలివస్తాడు.

రెండో రోజుకు విరుదునగర్ చాలు. కామరాజ్ పుట్టి పెరిగిన ఇల్లు స్మారకంగా ఉంది, ఆయన పుట్టింది 1903లో. సాయంత్రం నూనెలో వేయించిన పరోటా. నా కడుపు ఒప్పుకోలేదు, రుచికి మాత్రం వంక లేదు.

మూటకు: శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా, సాత్తూరు కారపు సేవు, కోవిల్‌పట్టి కడలై మిట్టాయి, మన వేరుశెనగ చిక్కీకి అన్నలాంటిది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రైలు, బస్సు, గది అన్నీ కలిపి చూసినా నా ఖర్చులో పెద్ద పద్దు ఈ మూటే. పాల్‌కోవా మదురై దాటకముందే అయిపోయింది.