ఓక్స్ నాడు మలక్‌పేటలో

మా చంద్రపూర్‌లో గుర్రం కనబడేది పెళ్ళి ఊరేగింపులోనే. బొగ్గు గనులూ, పులుల అడవీ చూపిస్తాం గానీ రేసుకోర్సు ఎక్కడిది? మా తాత కరీంనగర్ వైపు నుంచి గని పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. హైదరాబాద్‌లోని మేనమామకు మాత్రం గుర్రాల పిచ్చి. "ఈసారి గోల్కొండ ఓక్స్‌కు రా అల్లుడా. ఆడగుర్రాలు ఎట్ల ఉరుకుతయో చూద్దువు" అని ఫోన్ చేశాడు.

బల్లార్షాలో రైలెక్కాను. సిర్పూర్ దగ్గర స్టేషన్ బోర్డుల మీద తెలుగు మొదలవుతుంది. మంచిర్యాల దాటాక గోదావరి. చలికాలం పొగమంచులో నీళ్ళు సరిగా కనబడలేదు.

మలక్‌పేట మెట్రో దిగి నడుస్తుంటే మామ కథ ఎత్తుకున్నాడు. హైదరాబాద్‌లో పందాలు 1868 ప్రాంతంలో మౌలాలిలో మొదలయ్యాయట. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వాటిని తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు తెప్పించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఆ వయసులో మనం సైకిల్‌కు కొత్త బెల్లు పెట్టించుకుంటేనే గొప్ప!

"మరి ఓక్స్ అంటే?" అన్నాను.

ఇంగ్లండులో ఎప్సమ్ దగ్గర డెర్బీ ప్రభువుకు ఓక్స్ అనే బంగళా ఉండేది. మూడేళ్ళ ఆడగుర్రాలకు 1779లో పెట్టిన పందానికి ఆ బంగళా పేరే పెట్టారు. మొదటిసారి గెలిచిన బ్రిడ్జెట్ కూడా ఆయన గుర్రమే. లోకమంతా చెప్పుకునే డెర్బీ మరుసటి ఏడు, 1780లో వచ్చింది. అంటే అక్క ముందు పుట్టింది, పేరు తమ్ముడికి దక్కింది. నాకు మా ఊళ్ళోని బీర్‌షా సమాధి గుర్తొచ్చింది. కట్టించింది రాణీ హీరాయి. జనం నోట్లో ఉన్నది రాజు పేరు.

ఓక్స్‌లో మగవాటికి చోటు లేదు. డెర్బీలో మాత్రం ఆడగుర్రాలూ పరుగెత్తవచ్చు. ఎప్సమ్‌లో వాటికి మూడు పౌండ్ల బరువు తగ్గిస్తారు. 1943లో బొంబాయి మహాలక్ష్మి మైదానంలో జరిగిన మొట్టమొదటి ఇండియన్ డెర్బీని గెలిచింది ఆడగుర్రమే: బరోడా మహారాజా గారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్. ఆ పేరు చెప్పేటప్పుడు మామ ముఖం చూడాలి, సొంత కూతురికి ర్యాంకు వచ్చినట్టు!

పందానికి ముందు గుర్రాలను చూపించే ప్యాడాక్‌లో సయీసులు వాటిని గుండ్రంగా తిప్పుతున్నారు. ఇక్కడివి నాలుగేళ్ళ ఆడగుర్రాలు, చెమటకు మెడలు మెరుస్తున్నాయి. ఒకటి చెవులు వెనక్కి పెట్టి అడ్డం తిరిగింది. నాకు అదే నచ్చింది. చిన్న టికెట్టు కొన్నాను. మామ రేసు పుస్తకంలో వేలు పెట్టి, "తండ్రి పేరు అందరూ చూస్తరు. నువ్వు తల్లి పేరు చూడు" అన్నాడు. పోతుకు ఏటా ఎన్నో పిల్లలు పుట్టవచ్చు. తల్లి పదకొండు నెలలు మోసి కనేది ఒక్కదాన్నే. అందుకే మంచి తల్లిని ఎంచుకోవడానికి ఓక్స్ ఓ పరీక్షట. పెళ్ళిచూపుల్లో పిల్లను నడిపించి చూసిన రోజులు గుర్తొచ్చి, ఆ మాట నాకు అంతగా రుచించలేదు.

పందెం దూరం 2400 మీటర్లు. గేట్లు తెరుచుకున్నాక దూరంగా రంగురంగుల చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఆఖరి మలుపు తిరిగేసరికి చప్పుడు ముందు కాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు. పక్కనున్న పెద్దాయన ఉర్దూలో గుర్రాన్ని బతిమాలుతున్నాడు, తర్వాత తిడుతున్నాడు. రెండున్నర నిమిషాల్లో అంతా అయిపోయింది. నా గుర్రం ఐదోది.

జీను దించుతుంటే దాని వీపు మీంచి ఆవిరి లేచింది. సయీసు నోట్లో ఏదో గొణుక్కుంటూ దాని మూతి తుడిచాడు.

"ఇప్పుడు దీన్నేం చేస్తారు మామా?"

"ఇంకో రెండు పందాలు చూస్తరు. తర్వాత స్టడ్ ఫారానికి, అత్తారింటికి పంపుతరు" అని నవ్వాడు.

తిరుగు రైల్లో రేసు పుస్తకం తీసి దాని తల్లి పేరు మళ్ళీ చదివాను. ఆ పేజీ మీద మిర్చిబజ్జీ నూనె మరక పడింది.