భీముడి పేరు పెట్టుకున్న రేవు

విశాఖపట్నం రైలుస్టేషను దగ్గర 900 కె నంబరు బస్సు ఎక్కి, కుడివైపు కిటికీ పక్కన చోటు సంపాదించుకోండి. పాఠకులకు నేనివ్వగల మొదటి సలహా ఇదే. పాతిక కిలోమీటర్ల ప్రయాణం. ఊరు దాటి కైలాసగిరి మలుపు తిరిగిందగ్గరనుంచి సముద్రం మనతోనే వస్తుంది. ఋషికొండ, తొట్లకొండ, మంగమారిపేట వరుసగా వెనక్కు పోతాయి. ఆ తర్వాత నేల హఠాత్తుగా కుంకుమ రంగుకు తిరుగుతుంది. అవే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళక్రితం సముద్రం వెనక్కు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి పోగుచేసిందనీ, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడిందనీ శాస్త్రజ్ఞుల మాట. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి.

దిబ్బలు దాటితే భీమిలి. కాగితాలమీద భీమునిపట్నం. తెల్లదొరల నోట బిమ్లీపటం. మూడు పేర్లున్న ఈ చిన్న ఊరును విశాఖవాసులు ఆదివారం సాయంత్రం చూసి, వేయించిన చేపలు తిని, చీకటి పడకుండా ఇళ్ళకు చేరతారు. మహానగరానికి ఇదొక శివారు అని వాళ్ళ ఉద్దేశం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది గోగునార.

గోగు అంటే మన గోంగూర జాతి మొక్కే. దాని కాండాన్ని నానబెట్టి నార తీస్తారు. తాళ్ళకూ గోనెలకూ పనికొచ్చే ఆ నారకు అంతర్జాతీయ వర్తకంలో స్థిరపడిన పేరు బిమ్లీ జనుము. కరక్కాయల సంగతీ అంతే. తోళ్ళు ఊనడానికి కరక్కాయలు కొనే వ్యాపారులు వాటిని ఊళ్ళపేర్లతో రకాలుగా విడదీసేవారు. జబల్పూరు రకం ఒకటైతే, భీమిలి రకం ఇంకొకటి. ఎక్కడో సీమలో, భీముడెవరో తెలియని తోళ్ళ వర్తకుడు రోజూ ఈ ఊరిపేరు చిట్టాలో రాసుకునేవాడన్న మాట! ఇంత దూరం పేరు పాకిన ఊరు, పక్క పట్నానికి శివారు ఎలా అయిందన్నదే నన్ను ఆ బస్సెక్కించిన ప్రశ్న.

ఊరి స్వరూపం చెబుతాను. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల ప్రాంతాన పుట్టిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. దారిలో తాటిపూడి దగ్గర ఆనకట్ట కట్టి, ఆ నీటిని విశాఖకు కూడా పంపుతున్నారు కాబట్టి, భీమిలి చేరేసరికి నది కొంత చిక్కిపోయే వస్తుంది. ఊరి వెనుక పావురాలకొండ. దాన్నే నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. కొండమీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటితొట్లు ఉన్నాయి. రెండు వేల ఏళ్ళనాటి ఆ భిక్షువులు వాననీటిని ఒక్క చుక్క పోనివ్వకుండా దాచుకున్నారు. పైనుంచి చూస్తే ఒకవైపు సముద్రం, ఒకవైపు నది, మధ్యలో పెంకుటిళ్ళూ కొత్త మేడలూ కలగలిసిన ఊరు అరచేతిలో ఉన్నట్టుంటుంది. బకాసురుణ్ణి భీముడు చంపింది ఇక్కడేనని స్థలపురాణం. ఏకచక్రపురం మాదేనని చెప్పే ఊళ్ళు దేశంలో ఇంకా ఉన్నాయి. భీముడి బలానికి అదేమంత లెక్క!

పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. మన జనం వాళ్ళను ఒలందులన్నారు. బట్టలు కొన్నారు, గిడ్డంగులు కట్టారు, చచ్చిపోయారు. ఈ మూడో సంగతికి సాక్ష్యం ఇప్పటికీ ఉంది. వాళ్ళ శ్మశానంలో ఇటుకలతో కట్టిన సమాధులు గోపురాల్లా కోసుగా లేచి నిలబడి ఉన్నాయి. సున్నం పెళ్ళలు రాలిపోయాయి. పలకలమీద డచ్చి అక్షరాలను ఉప్పుగాలి కొంచెం కొంచెంగా తినేస్తున్నది. ఎండలో నిలబడి ఒక పలకమీద వేలుపెట్టి కూడబలుక్కుంటూ ఉంటే, పక్కన మేకలు కాసుకుంటున్న కుర్రవాడు, “అది సదవడం ఎవులికీ రాదండి” అని ధైర్యం చెప్పాడు. 1824 ఒప్పందం ప్రకారం డచ్చివారు హిందూదేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువారికి ఇచ్చేశారు. మరుసటి ఏడు భీమిలి చేతులు మారింది.

అసలు వైభవం ఆ తర్వాతిది. నువ్వులు, వలిసెలు, గోగునార, కరక్కాయలు, తోళ్ళు ఎడ్లబండ్లమీద కొండప్రాంతాలనుంచి, విజయనగరం వైపునుంచి దిగేవి. ఓడ ఒడ్డుకు రాదు. లోతున్న చోట లంగరు దించి ఆగేది. సరుకును కెరటాలు దాటించవలసింది మసూలా పడవలే. ఆ పడవకు మేకు కొట్టరు. పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టి బిగిస్తారు. కెరటం వచ్చి గుద్దితే మేకుల పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి మళ్ళీ తేరుకుంటుంది. లక్షల రూపాయల వర్తకం నడిచింది కుట్టుదారంమీదా, జాలరుల జబ్బలమీదా అంటే అతిశయోక్తి కాదు.

1861లోనే ఊరికి పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలో ఇది రెండో మునిసిపాలిటీ అని భీమిలివారు గట్టిగా చెబుతారు. 1850 చట్టం కింద ఆ రోజుల్లో చాలా ఊళ్ళు సంఘాలు పెట్టుకున్నాయి గనుక, రెండోస్థానంమీద నేను పందెం కాయను. ముందు వరుసలో ఉన్నదనడంలో మాత్రం సందేహం లేదు. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం పదివేల చిల్లర.

దెబ్బ రెండు విడతలుగా తగిలింది. 1893లో వచ్చిన రైలుమార్గం విజయనగరం, కొత్తవలసల మీదుగా లోపలిదారిని వాల్తేరుకు పోయింది. నేటికీ ఊళ్ళో రైలుస్టేషను లేదు. 1933లో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున విశాఖ హార్బరు తెరిచారు. ఓడ నేరుగా గట్టుకు వచ్చి ఆగేచోటు ఉండగా, కుట్టిన పడవల కోసం కెరటాల్లో ఎదురుచూసేదెవరు? కంపెనీలు వెళ్ళిపోయాయి. గిడ్డంగులు బోసిపోయాయి. గోగునార పేరు మాత్రం లోకంలో బిమ్లీగానే ఉండిపోయింది.

దగ్గరలోని చిట్టివలసలో జనపనార మిల్లు చాలాకాలం కుటుంబాలను పోషించింది. 2009లో అదీ మూతపడింది. పాత దీపస్తంభం నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు ఆ మిల్లులో పనిచేశారట. “మిల్లు కూత ఇని లెగిసీవోళ్ళం బాబూ. ఇప్పుడూ ఆ ఏళకే మెలకువొచ్చీస్తాది. లెగిసి ఏటి సేస్తాం? ఒడ్డుకొచ్చి కూకుంటాం,” అన్నారు. వల ఎప్పుడు నేర్చుకున్నారని అడిగాను. “మా తాత నేర్పినాడు. మిల్లుకెల్లినప్పుడు మర్సిపోనాననుకున్నాను. సెయ్యి మర్సిపోలేదు.” మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్ళు ఒక్క ముడీ తప్పలేదు.

2011 నాటికి ఊరి జనాభా యాభై వేలు దాటింది. విశాఖ పదిహేడు లక్షలు దాటింది. 2013లో భీమిలి మునిసిపాలిటీని రద్దుచేసి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. నూటయాభై ఏళ్ళ పండుగ అయిన రెండేళ్ళకే ఆ పని జరిగింది. దీపాలు, రోడ్లు బాగుపడతాయని కొందరు సంతోషించారు. ‘మా ఊరిని మేమే ఏలుకున్నాం’ అన్నవాళ్ళూ ఉన్నారు. 2022లో భీమునిపట్నం పేరుతో రెవెన్యూ డివిజను ఏర్పడి, పేరుకు కొంత గౌరవం తిరిగివచ్చింది. ఆ పక్కనే భోగాపురంలో విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగింది. ఇక నేల ధర సంగతి అడగకండి. టీకొట్టులో కూర్చున్న నలుగురిలో ముగ్గురు గజాల లెక్కే మాట్లాడుతున్నారు. నాలుగోవాడు బల్లమీద తల ఆనించి నిద్రపోతున్నాడు.

సాయంత్రం గోస్తనీ మొగలోకి పడవలు తిరిగివచ్చాయి. ఆడవాళ్ళు గంపలు పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, చేప ఒడ్డెక్కకముందే బేరాలు మొదలుపెట్టారు. ఈ పడవలు ఫైబరువి, కుట్టు లేదు. అయినా కెరటం లేచినప్పుడు ఒకాయన చెయ్యెత్తి కేకవేసి, సరిగ్గా దాని వీపుమీద పడవను నిలబెట్టి, అది విరిగేలోగా ఒడ్డు చేర్చాడు. రెండో పడవ రావడం చూద్దామని నిలబడ్డాను. అంతలో గడియార స్తంభం వైపునుంచి కండక్టరు కేక వినిపించింది. పరుగెత్తి ఎక్కాను. ఎడమవైపు కిటికీ ఖాళీగా ఉంది. తిరుగుప్రయాణంలో సముద్రం అటే గదా.