లోయ అంచున నీటి కుళాయి

అమెరికా దేశంలోని అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కేన్యన్ అనే మహా లోయ ఉన్నది. దాని పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒకటిన్నర కిలోమీటరుకు పైమాటే. దక్షిణపు అంచున నిలబడితే ఎరుపు, పసుపు, ఊదా రంగుల రాతి పొరలు మెట్లుమెట్లుగా కిందికి దిగిపోతూ కనిపిస్తాయి. ఆ లోయను కోసిన కొలరాడో నది కొన్నిచోట్ల నుండి సన్నని దారంలా అగుపిస్తుంది. నది అంత దగ్గర కనిపిస్తున్నా పైన మాత్రం నీటికి కరువే. కురిసిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్లలో పడి లోపలికి ఇంకిపోతాయి.

ఏప్రిల్ నెలలో మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనుమలతో కలిసి అక్కడికి వెళ్లాము. ఫీనిక్సు నగరంలో ఒక మోటారు హోమ్ అద్దెకు తీసుకున్నాము. చూడటానికి చిన్న బస్సులా ఉంటుంది. లోపల పొయ్యి, పడకలు, స్నానాలగది, అడుగున సుమారు 150 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు ఉన్నాయి. బ్యాటరీతో నడిచే 12 వోల్టుల చిన్న పంపు ఆ నీటిని కుళాయిలకు అందిస్తుంది. దారిలో విలియమ్స్ అనే ఊరిలో ట్యాంకు నింపుకొని, సాయంత్రానికి దక్షిణపు అంచున ఉన్న మాథర్ విడిది స్థలానికి చేరుకున్నాము. అక్కడ బండికి నేరుగా గొట్టం తగిలించుకునే వీలు లేదు. బండిలోని కుళాయిలకు ట్యాంకులోని నీరే ఆధారము.

పాలపొడి కలపటానికి కోడలు కుళాయి విప్పింది. పంపు గుర్రుమన్నది గాని చుక్క నీరు రాలేదు. చీకటి పడుతున్నది, చలి ముదురుతున్నది, చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. పక్క బండిలోని పెద్దాయన సంగతి విని, టార్చిలైటు పట్టుకొని వచ్చాడు. ఆయన దేనినీ విప్పక ముందు ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు.

మొదటిది: ట్యాంకులో నీళ్లున్నాయా? గోడమీది దీపాలు నిండుగా ఉన్నట్లు చూపుతున్నా ఆయన వాటిని నమ్మలేదు. అడుగునున్న మర కొద్దిగా తిప్పితే నీరు ధారగా వచ్చింది. రెండవది: పంపు తిరుగుతున్నదా? తిరగకపోతే స్విచ్చి, ఫ్యూజు, బ్యాటరీ చూడాలి. మాది తిరుగుతూనే ఉన్నది. మూడవది: పంపు ముందరి జల్లెడలో చెత్త చేరిందా, దాని మూత వదులైందా? అదీ బాగానే ఉన్నది. మన పొలాల్లో మోటారు తిరుగుతూ నీరు రాకపోతే "గాలి పట్టింది" అంటామే, ఇది సరిగ్గా అదే. ఇక గాలి ఎటునుండి వస్తున్నదో కనిపెట్టాలి.

పంపు పక్కన చిన్న వాల్వు ఒకటి ఉన్నది. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా, ఆ వాల్వును ఒక పిల్లగొట్టం వైపు తిప్పి గులాబీ రంగు ద్రవాన్ని లోపలికి ఎక్కిస్తారు. బండి అద్దెకిచ్చినవారు దానిని మరల ట్యాంకు వైపు తిప్పలేదు. పంపు ఆ ఖాళీ గొట్టం నుండి గాలి పీలుస్తున్నది! వాల్వు తిప్పగానే పంపు శబ్దం మారింది. కుళాయి చీదింది, గులాబీ నీళ్లు కక్కింది. అవి పూర్తిగా పోయి తెల్లని నీరు వచ్చేవరకు పట్టి పారబోశాము. చిన్నవాడి పాలకు ఆ రాత్రి మాత్రం పెద్దాయన ఇచ్చిన సీసా నీళ్లే వాడాము. నీళ్లు కాచే గీజరుకు కూడా చలికాలంలో దారి మూసి ఉంచుతారట. దానిని తెరచి, గీజరు నిండి వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చాకే వెలిగించాలని, ఖాళీగా వెలిగిస్తే చెడిపోతుందని ఆయన హెచ్చరించాడు. కుళాయిలన్నీ కట్టి ఉన్నా పంపు నడుమ నడుమ మోగుతుంటే ఎక్కడో కారుతున్నదని గాని, పంపులోని వాల్వు నీటిని వెనుకకు వదులుతున్నదని గాని గుర్తట.

మరునాడు తెలిసిన సంగతి ఇంకా ఆశ్చర్యము. ఆ దక్షిణపు అంచుకంతటికీ నీరు ఎదుటి అంచు కిందనున్న రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊట నుండి, లోయ అడుగుగుండా, సుమారు 20 కిలోమీటర్ల గొట్టంలో వస్తుంది. 1970 నాటికి పూర్తయిన ఆ గొట్టం 2010 తరువాత 85 సార్లకు పైగా పెద్దగా పగిలింది. 2024 ఆగస్టులో నాలుగుచోట్ల పగలగా, నెలాఖరు నుండి కొన్ని రోజులు అంచుమీది హోటళ్లలో రాత్రి బసను ఆపివేయవలసి వచ్చింది. అక్కడా పనివారు చేసేది ఆ పెద్దాయన చేసినదే: నీరు ఎక్కడ ఆగిందో చూడటము.

ఆ దేశంలోని పిల్లల దగ్గరకు వెళ్లి ఇటువంటి బండిలో ప్రయాణించబోయే పెద్దలు, తాళాలు తీసుకునే ముందే ప్రతి కుళాయి విప్పి చూడండి. త్రాగే నీళ్లు రెండు డబ్బాలు విడిగా ఉంచుకోండి. ఆ రెండు రోజులు మేము గిన్నెలు కడగటానికి గ్లాసులతో కొలిచి వాడుకున్నాము. నాలుగేళ్ల మనుమడు కూడా పళ్లు తోముకుంటూ కుళాయి కట్టటం నేర్చుకున్నాడు.