అవిసె నూనె... మందా? తిండా?

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక మా సాతంరాయి వాళ్లకు ఒక లాభం, ఒక చిక్కు వచ్చిపడ్డాయి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలెవరైనా, దారిలోనే ఉన్నాం కదా అని మా గుమ్మం తొక్కి మరీ పట్నంలోకి వెళ్తారు. అది లాభం. వెళ్తూ వెళ్తూ ఒక సీసా చేతిలో పెడతారు. అదీ చిక్కు! ఇదివరకు చాక్లెట్లు, బాదంపప్పులు తెచ్చేవారు. ఇప్పుడవి మన కిరాణా కొట్లోనే దొరుకుతున్నాయి కాబట్టి కాబోలు, ఒమేగా-3 గొట్టం బిళ్లలు తెస్తున్నారు. కిందటేడు మా ఆడపడుచు కొడుకు వాళ్ల అమ్మమ్మ కోసం తెచ్చిన సీసా మీద నీలిరంగు పువ్వు బొమ్మ ఉంది. ఫ్లాక్స్‌సీడ్ ఆయిల్. అంటే మన అవిసె గింజల నూనె.

అవిసె అనగానే ఆకూ పువ్వూ కూర వండుకునే అవిసె చెట్టు అనుకునేరు. అది వేరు. ఇది నడుమెత్తు పెరిగే చిన్న మొక్క. హిందీలో అల్సీ, మరాఠీలో జవస్, కన్నడంలో అగసె. వడ్రంగులు తలుపులకు పూసే లిన్‌సీడ్ ఆయిల్, క్రికెట్ బ్యాటుకు పట్టించే నూనె కూడా ఈ గింజలదే. అయితే రంగుల దుకాణంలో అమ్మే ‘బాయిల్డ్’ రకంలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. అది పొరపాటున కూడా నోట్లోకి పోకూడదు.

తలుపు మీద ఆ నూనె గాలి తగిలి ఎలా గట్టిపడుతుందో చూసిన వాళ్లకు దీని గుణం ఇట్టే అర్థమవుతుంది. గాలితో అంత చప్పున కలిసిపోయే నూనె సీసాలోనూ ఊరుకోదు. వేడికీ వెలుతురుకీ ముక్కిపోతుంది. అందుకే దీన్ని ముదురురంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టమంటారు. దీంతో పోపు వేయడం, పూరీలు వేయించడం పనికిరాదు. చేదుగానో, రంగు డబ్బా వాసనగానో ఉంటే పారబోయడమే.

మరి ఉపయోగం లేదా అంటే, ఉంది. ఈ నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. ఇది మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేని ఒమేగా-3 కొవ్వు. చేపలు తినని ఇళ్లకు మంచిదే. కాకపోతే చేపల్లో ఉండే ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ.లుగా మన ఒంట్లో మారేది ఇందులో కొంచెమే. చేప నూనెకు ఇది సరిసమానమని డబ్బా మీద రాసుకుంటే నమ్మక్కర్లేదు. గుండె జబ్బును, మోకాళ్ల నొప్పులను నయం చేస్తుందన్నా అంతే. అమెరికాలో 1994 చట్టం ప్రకారం ఇలాంటివి అమ్మడానికి ముందస్తు అనుమతే అక్కర్లేదు. మన దేశంలోనూ ఇవి ఆహార భద్రత నిబంధనల కిందికే వస్తాయి.

చిక్కంతా ‘మందు కాదు కదా’ అనుకోవడంలోనే ఉంది. మా అత్తమ్మకు గుండెలో స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ బిళ్ల వేసుకుంటుంది. మొన్న పన్ను పీకించడానికి తీసుకెళ్తే ‘‘ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?’’ అని డాక్టరు అడిగారు. ‘‘బీపీ బిళ్ల, గుండె బిళ్ల. గంతే బిడ్డా’’ అంది. ‘‘మరి ఆ నూనె గొట్టాలు అత్తమ్మా?’’ అన్నాను. ‘‘అది మందా ఏందే? నూనె!’’ ఆయన నవ్వలేదు. పన్ను ఆ రోజు తీయనన్నారు. ఒమేగా-3 నూనెలు రక్తం గడ్డకట్టడాన్ని కొంత మందగింపజేయవచ్చని, గుండె బిళ్లకు ఇదీ తోడైతే ఎంత తేడా వస్తుందో ముందే చెప్పలేమని అన్నారు. గుండె డాక్టరును అడిగితే గుండె బిళ్ల మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపొద్దని, గొట్టాలు మానేయమని చెప్పారు. వారం తర్వాత పన్ను తీశారు. పెద్ద రక్తస్రావమేమీ కాలేదు. గర్భిణులు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న వాళ్లు కూడా ఈ సీసా సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

అసలు నన్నడిగితే గొట్టాల కంటే గింజలే మేలు. వెయ్యి మిల్లీగ్రాముల గొట్టంలో ఆ ఒమేగా-3 సుమారు అర గ్రాము ఉంటుంది. పది గ్రాముల అవిసె పొడిలో రెండు గ్రాములకు పైనే! పైగా నూనెలో లేని పీచు గింజలో బోలెడంత. గింజల్ని అలాగే మింగితే అరగకుండా పోతాయి కాబట్టి పొడి కొట్టాల్సిందే. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి దంచితే కారప్పొడి తయారు. పచ్చి గింజలు గుప్పెళ్లతో తినొద్దు. వాటిలో కొద్దిగా సయనైడ్ పుట్టించే పదార్థాలున్నాయి. వేయిస్తే అవి తగ్గుతాయి. ఒక వారానికి సరిపడా దంచి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. నీళ్లు బాగా తాగకపోతే ఆ పీచే మలబద్ధకం తెస్తుంది.

రోజుకో చెంచాడు పొడికి అత్తమ్మ డాక్టరు ఒప్పుకున్నారు. పీచు మందుల్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి రెండు గంటల ఎడం ఉండాలన్నారు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు బిళ్లలు పొద్దున్నే. కారప్పొడి మధ్యాహ్నం, వేడి అన్నంలో మొదటి ముద్దకి.