పది గంటలకి ప్యాకెట్టు, మధ్యాహ్నం వదిలేసిన గుడ్డు



నాది పాడేరు ఏజెన్సీలో చిన్న ఊరు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. ఈసారి సెలవుల్లో మా ఊరి అంగన్‌వాడీలో చూసింది మీకు చెప్పాలనిపించింది.

మా అక్క కూతురికి నాలుగేళ్ళు. అంగన్‌వాడీలో పాప జబ్బకి రంగుల టేపు చుట్టి కొలిస్తే 12 సెంటీమీటర్లు వచ్చింది. 12.5 దాటితే ఆకుపచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపు. పాప మధ్యలో, పసుపులో ఉంది. అంటే ఇప్పుడే జాగ్రత్త పడాలి.

"రోజూ గుడ్డు, పాలు, పప్పన్నం పెడుతున్నారు కదా, మరెందుకిలా?" అని అడిగాను.

"చిప్స్ ప్యాకెట్టు తింటూ వస్తుంది చెల్లీ. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని లేచిపోతుంది. గుడ్డు అలాగే ఉండిపోతుంది" అంది టీచరమ్మ.

మా అక్కని ఏమనగలం? తెల్లారే పనికి పోవాలి. పిల్ల ఏడిస్తే అయిదు రూపాయల ప్యాకెట్టుతో ఊరుకుంటుంది. కానీ చిన్న పొట్ట, ఉప్పూ నూనెతో నిండాక గుడ్డుకి చోటెక్కడిది? ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అంగన్‌వాడీలో పోషకాహారం అందాలి. అది మన పిల్లల హక్కు. వడ్డించినా కడుపులోకి పోకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉన్నట్టు.

పొద్దున్న చోడి అంబలి తాగి వెళ్తే చాలు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యంలో పది కూడా కష్టం. పట్నంలో రాగి మాల్ట్ అని డబ్బిచ్చి కొంటున్నారు, మనమేమో పేదోళ్ళ తిండి అని సిగ్గుపడుతున్నాం. ఇప్పుడు మా అక్క రాత్రే అంబలి కాచి పెడుతోంది.

ఆట సంగతీ అంతే. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, అందులో గంటసేపైనా బాగా పరుగులు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దానికి పార్కులు అక్కర్లేదు. తొక్కుడుబిళ్ళ, కుంటాట, థింసా అడుగులు చాలు. చేతికి ఫోనిచ్చి కూర్చోబెడితే మాత్రం కుదరదు.

ఈ సెలవులకి ఊరెళ్తే ఒక్క పూట మీ అంగన్‌వాడీకి వెళ్ళండి. పిల్లలతో ఆడండి, భోజనం వేళ పక్కన కూర్చోండి, ఎవరు తినకుండా లేస్తున్నారో చూడండి. వాళ్ళ అమ్మతో మన భాషలో మెల్లగా మాట్లాడండి. మనం చెబితే వింటారు, ఎందుకంటే మనం వాళ్ళ పిల్లలమే.