రేసర్లను దగ్గర నుంచి చూశాం

మా మండలంలో ఏ సంతకు వెళ్లినా బండ్ల మీద 46 అనే అంకె కనబడుతుంది. అది వాలెంతినో రోసీ అనే ఇటలీ రేసర్ నంబరు. ఆయన 2021 చివర్లో మోటార్‌సైకిల్ పందేలు మానేశాడు. ఆ నంబరును మోటోజీపీలో ఇక ఎవరికీ ఇవ్వరు. ఈ సంగతులేవీ తెలియని కుర్రాళ్లు కూడా విశాఖలో ఆ స్టిక్కరు కొనుక్కొచ్చి ట్యాంకు మీద అంటించుకుంటారు. 93 కూడా కనబడుతుంది, అది స్పెయిన్ వాడైన మార్క్ మార్కెజ్‌ది. అతని పేరు సరిగా పలకడం రాదు గానీ మలుపులో మోకాలు నేలకు రాసుకుంటూ పోయే అతని వీడియోలు ప్రతి ఫోన్లోనూ ఉంటాయి.

బండి అంటే మాకు మోజు మాత్రమే కాదు. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చి, గెడ్డ దాటించి, ఆ తర్వాత ఎక్కించేది బండి వెనక సీటు మీదే. కాఫీ బస్తా, రేషన్ బియ్యం, పరీక్షకు వెళ్లే పిల్ల, అన్నీ బండి మీదే. అందుకే బండి నడపడం బాగా వచ్చినవాడంటే మా దగ్గర గౌరవం. ఆ గౌరవం ఎక్కడ వేగంగా మారిపోతుందో పెద్దలకు తెలియడం లేదు.

మేము నలుగురం. ఒకడికి పాడేరు రోడ్డులో మెకానిక్ షెడ్డు ఉంది. ఇద్దరికి కాఫీ, మిరియాల తోటలు. నాలుగో ఆయన ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. 2023 సెప్టెంబరు 22 నుంచి 24 దాకా మన దేశంలో మొదటిసారి మోటోజీపీ జరుగుతుందని తెలిసినప్పుడు, ఎలాగైనా వెళ్లాలనుకున్నాం. మిరియాలు అమ్మిన డబ్బు కొంత, అప్పు కొంత. ఇంట్లో వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయనక్కరలేదు.

విశాఖలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాయగడ దాకా కిటికీలో మన కొండలే, మన లాంటి మనుషులే. ఆ తర్వాత దేశం చదునైపోయింది. ఢిల్లీలో దిగి, మెట్రోలు మారి, గ్రేటర్ నోయిడా చేరుకుని, అక్కడి నుంచి బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌కు వెళ్లాం. ఒకప్పుడు, 2011 నుంచి 2013 వరకు, ఫార్ములా వన్ కార్ల పోటీలు జరిగిన చోటు అది.

ముందుగా ఒక మాట చెప్పాలి. చూసే మనిషికి పందెం సరిగా కనబడదు. టీవీలో కెమెరా బండితో పాటే పరిగెడుతుంది. అక్కడ మనం కూర్చున్న చోటికి బండ్లు వస్తాయి, చెవులు దద్దరిల్లుతాయి, పోతాయి. మళ్లీ దాదాపు రెండు నిమిషాలు ఖాళీ రోడ్డు. 1000 సీసీ ఇంజను చప్పుడు మాత్రం ఫోన్లో విన్నదానికి ఏమీ పోలిక లేదు. మా మెకానిక్ మొదటి రోజంతా కళ్లు మూసుకుని విన్నాడు. గేరు మారినప్పుడు చప్పుడు ఎక్కడా తెగడం లేదని, అది తనకు అర్థం కావడం లేదని రాత్రి రెండు గంటల దాకా మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

శనివారం వాన పడింది. స్ప్రింట్ అనే చిన్న పందెం గంటకు పైగా ఆలస్యంగా మొదలైంది. హోర్హే మార్తిన్ గెలిచాడు, బన్యాయా రెండు, మార్కెజ్ మూడు. మొదటి మలుపులోనే కొందరు కలిసి పడ్డారు. లూకా మారినీ కాలర్ ఎముక విరిగింది. అంతకుముందు అర్హత పోటీలో మార్కెజ్ తమ్ముడు అలెక్స్ పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరూ ఆదివారం పందేనికి లేరు.

ఆ సాయంత్రం జనం బయటికి పోయే దారి పక్కన ఒక ఇనుప కంచె దగ్గర గుంపు కనబడితే మేమూ వెళ్లి నిలబడ్డాం. రేసర్లు అటు వస్తారని ఎవరో అన్నారట. గంట నిలబడ్డాం. పక్కనున్న కుర్రాళ్లు చేతుల్లో హెల్మెట్లు, టోపీలు, మార్కర్ పెన్నులు పట్టుకుని ఉన్నారు. వాళ్లలో ఒకడు మమ్మల్ని ఎక్కడి నుంచి అని అడిగాడు. ఆంధ్ర అన్నాం. హైదరాబాదా అన్నాడు. మాస్టారు ఓపికగా పాడేరు గురించి, అరకు కాఫీ గురించి చెప్పారు. అరకు అనగానే వాడికి తెలిసింది. కాఫీ తెలుసు, పండించేది ఎవరో తెలియదు. ఇది మనకు అలవాటే.

తర్వాత ఒకాయన వచ్చాడు. టీవీలో చూస్తే మీరందరూ గుర్తుపడతారు. పేరు రాయం, రాస్తామని ఆయన్ను అడగలేదు కాబట్టి. మాకు మొదట నమ్మకం కుదరలేదు, అంత చిన్న మనిషి. మా మాస్టారి భుజం దాకా వస్తాడు. ఆ పోటీలో మనిషి బరువు కూడా లెక్కే, అందుకే చాలామంది రేసర్లు సన్నగా, పొట్టిగా ఉంటారు. ఈ సంగతి చదివే ఉన్నాం, అయినా కళ్ల ముందు చూస్తే వేరు. కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు. గుంపు ఒక్కసారిగా కంచె మీదికి ఒరిగింది. అందరూ ఫోన్లు ఎత్తారు. చాలామంది ఆయన్ను చూడలేదు, ఫోన్లో ఆయన బొమ్మను చూశారు.

మాస్టారు రైల్లో రెండు రోజులు కూర్చుని మాకు ఇంగ్లీషులో ఒక వాక్యం నేర్పించారు. ఆయన మా ముందుకు వచ్చేసరికి మెకానిక్ నోటికి మా ఇంటి భాషే వచ్చింది. గట్టిగా, పూర్తిగా, మనసులో ఉన్నదంతా ఇంటి భాషలోనే అనేశాడు. ఆయన ఆగాడు. ఏ భాషో తెలియకపోయినా నవ్వి, టోపీ తీసుకుని సంతకం పెట్టి, చేయి అందించాడు.

మెకానిక్ ఆ చేతిని కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు, స్పానరు పట్టే తన అరచేయి కన్నా అది గట్టిగా ఉందని. మేమందరం చూసింది మాత్రం ముంజేయి. లోపలి వైపు నిలువునా పొడవాటి కుట్ల మచ్చ. పడితే తగిలిన దెబ్బ అనుకున్నాం. కాదని తర్వాత తెలుసుకున్నాం. ప్రతి మలుపు ముందూ మహా వేగం నుంచి బ్రేకు పట్టి పట్టి, ముంజేతి కండ దాని మీది పొర లోపల ఉబ్బిపోతుంది. వేళ్లు మొద్దుబారతాయి, బ్రేకు పట్టలేరు. డాక్టర్లు ఆ పొరను కోసి వదులు చేస్తారు. ఈ ఆపరేషన్ చేయించుకున్న రేసర్లు చాలామంది ఉన్నారు. మార్కెజ్ సంగతి ఇంకోటి. 2020 జులైలో కుడి చేతి ఎముక విరిగితే, 2022 దాకా నాలుగుసార్లు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మన కుర్రాళ్ల ఫోన్లలో మోకాలు నేలకు తగిలే వీడియో ఉంటుంది, ఆ చేయి ఉండదు.

ఆదివారం ఎండ మండిపోయింది. 24 ల్యాపుల పందేన్ని 21కి తగ్గించారు. బెజెక్కి గెలిచాడు. రోసీ సొంత జట్టు బండి మీద గెలిచాడు కాబట్టి మా సంతలోని 46 స్టిక్కర్లకు ఆ రోజు కొంత విలువ వచ్చినట్టే. రెండోవాడిగా వచ్చిన మార్తిన్ బండి దిగాక నిలబడలేక కూలబడ్డాడు, ఒంట్లో నీరంతా పోయింది. ఎండలో పోడు కొట్టి వచ్చిన మనిషి ఎలా కూర్చుంటాడో అలాగే ఉన్నాడు.

తిరిగి వచ్చాక మాస్టారు ఇంకో చోటు గురించి చదివి చెప్పారు. బ్రిటన్, ఐర్లండ్ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవి ఉంది. 1907 నుంచి అక్కడ మామూలు రోడ్ల మీదే, ఇళ్ల గోడల పక్కనే మోటార్‌సైకిల్ పందేలు జరుగుతున్నాయి. ఇప్పటి చుట్టు దాదాపు 60 కిలోమీటర్లు, 200కు పైగా మలుపులు. అక్కడ రేసరును కలవడానికి కంచె దగ్గర గంటలు నిలబడనక్కరలేదట. బండ్లు విప్పి బాగుచేసుకునే చోటికి జనం నడుచుకుంటూ వెళ్లవచ్చు. ఆ దీవి పందేల్లో 26 సార్లు గెలిచిన జోయీ డన్‌లప్ ఉత్తర ఐర్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో బార్ నడిపేవాడు. కలవాలనుకున్నవాళ్లు అక్కడికే పోయేవాళ్లు. బండి తనే బాగుచేసుకునేవాడు. పందేలు లేని రోజుల్లో వ్యానులో బట్టలు, తిండి నింపుకుని రుమేనియాలోని అనాథ పిల్లల దగ్గరికి తనే నడుపుకుంటూ పోయేవాడు. 2000 జులైలో ఎస్తోనియా దేశంలో, వాన తడి రోడ్డు మీద పందెంలో చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. ఆ దీవి రోడ్డు మీద ఇప్పటిదాకా 260 మందికి పైగా పోయారు. ఒక్క 2022లోనే కనీసం ఆరుగురు.

మాలో ఇద్దరికి ఆ దీవి సంగతి నచ్చింది, మనిషిని మనిషిలా కలవవచ్చు కదా అని. మెకానిక్‌కు నచ్చలేదు. గోడల మధ్య రోడ్డు అంటే మన ఘాటే కదా అన్నాడు. ఆ మాట తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. 2022 సంక్రాంతికి ముందు మా పంచాయతీ కుర్రాడు ఒకడు ఘాట్ మలుపులో పోయాడు. వెనక స్నేహితుడు ఫోన్లో తీస్తున్నాడు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించే ఉంది. బండి ట్యాంకు మీద 93.

పాఠశాలలో మాస్టారు మా నలుగురినీ పిల్లల ముందు నిలబెట్టారు. టోపీ చేతులు మారింది. ఎంత ఇచ్చి కొన్నారు, బండిని ముట్టుకున్నారా, ఆయన ఏం తిన్నాడు అని అడిగారు. మేము చూసింది చెప్పాం. తోలు బట్టల లోపల గాలి సంచి ఉంటుందని, పడగానే అది ఉబ్బి భుజాలను కాపాడుతుందని, 2018 నుంచి అది లేకుండా మోటోజీపీలో బండి ఎక్కనివ్వరని. మలుపు బయట కంకర పరిచి ఉంటుందని, జారినవాడు అందులో ఆగుతాడని. మొదటి చుట్టులో డాక్టరు కారు వెనకే పోతుందని, జెండాలు పట్టుకున్న మనుషులు ప్రతి మలుపులో నిలబడతారని. ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి, మన రోడ్డు మీద వెనక ఎవరొస్తారు అని అడిగాడు. 2018లో మన్యంలోకి వచ్చిన ఫీడర్ అంబులెన్స్ బండ్ల గురించి మాస్టారు చెప్పబోయి, సిగ్నల్ ఎక్కడెక్కడ దొరుకుతుందో పిల్లలకే బాగా తెలుసు కాబట్టి ఆగిపోయారు.

షెడ్డులో ఆ టోపీ ఇప్పుడు మేకుకు వేలాడుతోంది. చెమటకు సంతకం సగం చెరిగింది. దాన్ని చూడ్డానికి వచ్చే కుర్రాళ్లకు మెకానిక్ ముందు తన ముంజేయి చూపించి, మచ్చ ఎక్కడ నుంచి ఎక్కడి దాకా ఉందో వేలితో గీసి చెబుతాడు. ఊరికే చెప్పడు, బండి బ్రేకులు విప్పుతూ చెబుతాడు. పోయిన కుర్రాడి తమ్ముడు కూడా వస్తాడు. వాడికి పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ కావాలి. అది మాత్రం మా వాడు బిగించడు. వాడు అలిగి పోతాడు, వారం తర్వాత మళ్లీ వస్తాడు.

2024లో మోటోజీపీ మన దేశానికి రాలేదు. అందుకని చెన్నై వెళ్లాలనుకుంటున్నాం. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోటైలో ఉన్న ట్రాక్ మీద జాతీయ పోటీలు జరుగుతాయి. అక్కడ మన దేశపు రేసర్లు ఉంటారు, అమ్మాయిలకు వేరే తరగతి కూడా ఉంది. ఈసారి పాఠశాల నుంచి ఇద్దరు పిల్లలనైనా తీసుకెళ్లాలని మాస్టారి పట్టుదల. పదో తరగతి అమ్మాయి ఒకతి పేరు ఇచ్చేసింది. తండ్రి బండి మీద సంతకు కూరలు వేసుకెళ్లేది ఆమే. సంతకాలు అక్కరలేదంది. అడగాల్సింది కాగితం మీద రాసి మాస్టారికి ఇచ్చింది: వానలో, దిగుడు మలుపులో, వెనక బరువుంటే ముందు బ్రేకు ఎంత పట్టాలి?